సొంత పనులకు వాడే సరుకు వ్యాన్‌కు బీమా: కర్నూలులో ఒక బీమా శాఖ సేవలపై నా సమీక్ష

2025 ఆగస్టులో నంద్యాలలోని ఒక కొరియర్ కాంట్రాక్టరు దగ్గర నేను మారుతి ఈకో కార్గో వ్యాన్ ఒకటి కొన్నాను. అది 2021 అక్టోబరులో రిజిస్టరైన బండి. ముందు రెండు సీట్లు ఉన్నాయి, వాటి వెనకంతా సరుకు వేసుకునే చదునైన జాగా. కోడుమూరు వైపు మాకున్న నాలుగు ఎకరాల్లో పండే ఎర్రగడ్డలను (ఉల్లిపాయలను) కర్నూలు మార్కెట్ యార్డుకు చేర్చడానికి, విత్తనాలూ ఎరువులూ చేనికి తీసుకుపోవడానికి, అప్పుడప్పుడు ఇంటి సామాను మోయడానికి ఆ బండి సరిపోతుందని నా లెక్క. బాడుగకు తిప్పే ఆలోచన నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాబట్టి అక్టోబరులో పాత పాలసీ గడువు ముగిసేలోగా దానికి మామూలు ప్రైవేటు కారు బీమా చేయించుకుంటే చాలని అనుకుని బయలుదేరాను. చివరికి బళ్ళారి చౌరస్తాకు దగ్గరలో ఉన్న ఒక బీమా సంస్థ శాఖా కార్యాలయంలో నాకు పాలసీ దొరికింది. నేను అడిగిన పాలసీని వారు ఇవ్వలేదు. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం వారు చేసిన మేలే. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకు మేలు చేసింది ఆ శాఖలో పనిచేసే ఒక ఉద్యోగిని శ్రద్ధ. అదే సంస్థకు చెందిన మరో శాఖలో అదే శ్రద్ధ దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఆ శాఖకు వెళ్ళకముందు రెండు చోట్ల ప్రయత్నించాను. మొదటిది ఫోనులోని ఒక యాప్. బండి నంబరు కొట్టగానే అది వాణిజ్య వాహనాల పేజీలోకి తీసుకువెళ్ళి, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ప్రీమియం 16,049 రూపాయలని, పన్ను అదనమని చూపించింది. సరుకు నాదా, పరులదా అన్న ప్రశ్నే అందులో లేదు. కాంట్రాక్టరు వదిలి వెళ్ళిన పాత పాలసీలోనూ అదే అంకె ఉంది. అప్పటి 12 శాతం జీఎస్టీతో కలిపి అతను 17,975 రూపాయలు కట్టాడు, అది కూడా కేవలం థర్డ్ పార్టీకే. రోజూ ఊరూరా పొట్లాలు మోసిన బండికి అంత కట్టడంలో అర్థం ఉంది. నెలలో పది పన్నెండు రోజులు మాత్రమే కదిలే నా బండికి అంత ఎందుకన్నది నా బాధ.

రెండవది, సీ క్యాంపులో మాకు తెలిసినవారు పంపిన ఒక ఏజెంటు. ఆయన ఆర్సీ కార్డును చేతిలోకి కూడా తీసుకోలేదు. ఈకో అంటే ఈకోయే కదా సార్, అయిదు సీట్ల కారు కింద చేసేద్దాం, బండి నంబరు కొడితే పాలసీ కనబడుతుంది, ఎవరూ ఆపరు అన్నాడు. 1,000 సీసీ దాటి 1,500 సీసీ లోపు ఉన్న ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ రేట్లే నేను తిరిగిన నాటికీ నడుస్తున్నాయి. 16,049 ఎక్కడ, 3,416 ఎక్కడ? ఆ తేడా చూశాక రెండు రోజులపాటు నా మనసు ఏజెంటు వైపే మొగ్గిందని ఒప్పుకోవాలి. మూడో రోజు ఆయన వాట్సాప్‌లో పంపిన ప్రతిపాదన పత్రంలో సీట్లు 5 అని, వాహనం ప్రైవేటు కారు అని చూశాను. మా ఇంటి ముందు నిలబడి ఉన్న బండికి సీట్లు రెండే, నంబరు ప్లేటు పసుపు. లేని మూడు సీట్లకు నేను సంతకం పెట్టాలి. అక్కడ నా చేయి ఆగింది.

ఆ మర్నాడు ఉదయం ఆర్సీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పాత పాలసీ, నా లైసెన్సు సంచిలో పెట్టుకుని శాఖా కార్యాలయానికి వెళ్ళాను. ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు; మోకాళ్ళ నొప్పులున్న వారికి ఆ మెట్లు కష్టమే. టోకెన్ పద్ధతి ఏదీ లేకపోవడం వల్ల ఎవరు ముందు వచ్చారో వచ్చినవారే తేల్చుకోవాలి. గంటకు పైగా కూర్చున్నాను. ఈ రెండూ ఆ శాఖలో నాకు నచ్చని విషయాలు. మళ్ళీ వెళ్ళినప్పుడు కూడా అలాగే ఉన్నాయి.

నా వంతు వచ్చాక ఎదురుగా కూర్చున్న ఉద్యోగిని ముందు ఆర్సీ అడిగి తీసుకున్నారు. వాహన తరగతి అన్నచోట గూడ్స్ క్యారియర్ అని, సీట్లు 2 అని ఉన్నదాన్ని వేలితో చూపించి, దీనికి ప్రైవేటు కారు పాలసీ ఇవ్వడం కుదరదు సార్ అని మొదటి మాటగానే చెప్పేశారు. నేను నా వాదన వినిపించాను. అమ్మా, నేను బాడుగకు తిప్పను, నా పంట, నా ఇల్లు, అంతే అన్నాను. ఆమె విసుక్కోలేదు. మీరు బాడుగకు తిప్పరన్నది నేను నమ్ముతాను సార్, కానీ రేపు ఏదైనా జరిగితే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో అడిగేవి ఆర్సీ, ఎఫ్‌సీ, లైసెన్సు, పాలసీ. ఆ నాలుగూ ఒకే బండి గురించి చెప్పాలి అన్నారు. తర్వాత ప్రైవేటు కారు పాలసీ నమూనా ఒకటి తీసి, వినియోగ పరిమితులు అన్న భాగాన్ని నాకు చదివి వినిపించి తెలుగులో చెప్పారు. ప్రైవేటు కారు పాలసీ యజమాని సొంత ప్రయాణాలకూ, సొంత వ్యాపార పనులపై తిరగడానికీ వర్తిస్తుంది. బాడుగకు తిప్పడం, వ్యాపార శాంపిళ్ళు గానీ వ్యక్తిగత సామాను గానీ తప్ప సరుకు మోయడం, పందేలలో పాల్గొనడం వంటివి అందులో మినహాయింపులు. అంటే నేను ఏజెంటు మాట విని ఆ పాలసీ తీసుకుని ఉంటే, ఎర్రగడ్డల మూట ఒక్కటి వెనక వేసుకున్న క్షణం నుంచి ఆ కాగితం నాకు పనికిరాకుండా పోయేది. నేను బండి కొన్నదే ఆ మూటల కోసం.

ఇక్కడ ఒక విషయం వివరంగా రాయాలి, ఎందుకంటే నాలాగే చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. వాణిజ్య వాహనం అన్న మాట మనం యజమానికి వర్తింపజేస్తాం: వ్యాపారం చేస్తే వాణిజ్యం, చేయకపోతే సొంతం అనుకుంటాం. 1988 మోటారు వాహనాల చట్టంలో లెక్క వేరు. సరుకు మోయడానికే నిర్మించిన వాహనం, లేదా అలా మార్చిన వాహనం గూడ్స్ క్యారేజ్. గూడ్స్ క్యారేజ్ ఏదైనా ట్రాన్స్‌పోర్టు వాహనమే, అంటే మనం వాణిజ్య వాహనం అనే తరగతిదే. యజమాని దానితో డబ్బు సంపాదిస్తున్నాడా లేదా అన్నది ఆ నిర్వచనంలోకి రాదు. బీమా సంస్థ ఆర్సీలోని తరగతిని అనుసరిస్తుంది. మొత్తం బరువు (బండీ సరుకూ కలిపి) 3,000 కిలోలు దాటని సరుకు బండికి చట్టంలోని 66వ సెక్షన్ పర్మిట్ అవసరం లేకుండా మినహాయింపు ఇచ్చింది కాబట్టి, పర్మిట్ లేదు గనుక నా బండి సొంత బండే అని నేను అనుకున్నాను. పర్మిట్ మినహాయింపు తరగతిని మార్చదని ఆమె చెప్పాక తెలిసింది.

మరి ఆర్సీలోనే తరగతి మార్పించుకుంటే? ఈ ప్రశ్న నేను అడిగాను, తర్వాత ఆర్టీఏ కార్యాలయంలోనూ అడిగి రూఢి చేసుకున్నాను. టాక్సీగా తిరిగిన అయిదు, ఏడు సీట్ల బండి అయితే పర్మిట్ సరెండర్ చేసి, పన్ను తేడాలు కట్టి, పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటుకు మారే దారి ఉంది. అటువంటి బండి కొన్నవారు ముందు ఆర్సీ మార్పించుకుని, ఆ తర్వాతే ప్రైవేటు కారు పాలసీ అడగాలి. నాది పుట్టుకతోనే సరుకు బండి. వెనక సీట్లు బిగించి కారుగా మార్చాలంటే, తయారీ సంస్థ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదన్న 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. మెకానిక్కులు బిగిస్తామనే అంటారు. బిగించినంత మాత్రాన ఆర్సీలో సీట్లు పెరగవు.

ఇంతవరకు విన్నాక నేను లేవబోయాను, 16,049 కట్టక తప్పదన్న నిశ్చయంతో. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న వల్లనే ఈ శాఖను నేను మెచ్చుకుంటున్నాను. సరుకు అంతా మీదేనా సార్, ఇంకెవరిదైనా మోస్తారా అని అడిగారు. నాదే అన్నాను. అయితే ప్రైవేట్ క్యారియర్ కింద చేద్దాం అన్నారు. సరుకు వాహనాల థర్డ్ పార్టీ రేట్లలో రెండు వరుసలు ఉన్నాయట: బాడుగకు పరుల సరుకు మోసేవి పబ్లిక్ క్యారియర్లు, సొంత సరుకు మాత్రమే మోసుకునేవి ప్రైవేట్ క్యారియర్లు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి మొదటి వరుసలో 16,049 రూపాయలు, రెండవ వరుసలో 8,510 రూపాయలు. యాప్ ఈ ప్రశ్న అడగలేదు, ఏజెంటుకు ఈ వరుస ఉందన్న ధ్యాసే లేదు. ప్రభుత్వం ప్రకటించిన రేట్ల పట్టికలో ఉన్న విషయాన్ని నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె. పైగా సరుకు వాహనాల థర్డ్ పార్టీ ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, నా థర్డ్ పార్టీ భాగం పన్నుతో కలిపి 8,936 రూపాయలకు వచ్చింది. కాంట్రాక్టరు కట్టినదాంట్లో అది సగం.

ఆ రేటు ఉచితంగా రాలేదు. సరుకు నాదేనని, బాడుగకు ఇవ్వనని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. దానికి జతగా పట్టాదారు పాసుపుస్తకం నకలు, మార్కెట్ యార్డులో నా పేరున ఉన్న తక్ పట్టీలు (సరుకు అమ్మిన చీటీలు) రెండు అడిగి తీసుకున్నారు. అప్పుడు నాకొక సందేహం వచ్చింది. మా పక్క చేను రైతు తన ఎర్రగడ్డలు నాలుగు మూటలు కూడా నా బండిలో వేయమంటాడు, పెట్రోలు ఖర్చు తాను పెట్టుకుంటానంటాడు. ఊర్లో ఇది కాదనలేని సంగతి. పెట్రోలు డబ్బులు తీసుకుంటే అది బాడుగ కిందికే వస్తుంది సార్, ఊరికే మోసినా సరుకు మీది కాదు అని ఆమె నిక్కచ్చిగా చెప్పారు. ఆ అవసరం తరచుగా వచ్చేట్టయితే ఇప్పుడే పబ్లిక్ క్యారియర్ కింద చేయించుకోవడం మంచిదని కూడా అన్నారు. ఎక్కువ ప్రీమియం వచ్చే పాలసీని అమ్ముకోవడానికి ఆ మాట అన్నారని నేను అనుకోలేదు, ఎందుకంటే తక్కువ ప్రీమియం ఉందని చెప్పినదీ ఆమే. ఇంటికి వచ్చి ఆ రైతుతో మాట్లాడాను. అతను అర్థం చేసుకున్నాడు. తన మూటలకు ఇప్పుడు ఆటో ట్రాలీ మాట్లాడుకుంటున్నాడు. ధర పడిపోయిన ఏడాదిలో అతని మీద ఆ ఖర్చు పడటం నాకు కష్టంగానే ఉంది.

ఆ రోజు నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన సంభాషణ దీని తర్వాత జరిగింది. కుటుంబాన్ని ఎప్పుడైనా వెనక ఎక్కించుకుంటారా అని ఆమె అడిగారు. బండి కొన్న శ్రావణ మాసంలోనే ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వెళ్ళాం. ముందు నేనూ మా అబ్బాయీ, వెనక చాప పరిచి నా భార్య, కోడలు, ఇద్దరు మనవలు. కర్నూలు నుంచి ఉరుకుందకూ, మళ్ళీ ఇంటికీ అలాగే వచ్చాం. పిల్లలు ఎంతో సంబరపడ్డారు. ఆ సంగతి చెప్పగానే ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా వివరించారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పాలసీ బాధ్యత వహించదు. 1994లో చట్టాన్ని సవరించినప్పుడు సరుకుతోపాటు ప్రయాణించే సరుకు యజమానికి గానీ, అతని తరఫు మనిషికి గానీ రక్షణ కల్పించారు. సరుకుతో సంబంధం లేని ప్రయాణికులకు ఆ రక్షణ లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసు తీర్పులో తేల్చింది. అంటే ఆ రోజు ఆదోని దారిలో ఏదైనా జరిగి ఉంటే, నా మనవల పేరున ఏ బీమా సంస్థా రూపాయి ఇచ్చేది కాదు. డబ్బు సంగతి అలా ఉంచినా, కూర్చోవడానికి సీటూ పట్టుకోవడానికి బెల్టూ లేని ఇనుప గచ్చు మీద పిల్లలను కూర్చోబెట్టి అంత దూరం తిప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటి నుంచి గుడికైనా పెళ్ళికైనా మేము ఆర్టీసీ బస్సులోనే వెళ్తున్నాం. బండిలో నాతోపాటు ముందు సీట్లో ఒక్కరే కూర్చుంటారు. మూటలు దించడానికి కూలి మనిషి నాతో వస్తాడు కాబట్టి, అతనికి వర్తించేలా కొద్దిపాటి అదనపు ప్రీమియంతో ఉద్యోగి బాధ్యత కవరు కూడా చేర్పించుకున్నాను.

లైసెన్సు గురించిన నా భయాన్ని కూడా ఆమే పోగొట్టారు. నాది లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు, ట్రాన్స్‌పోర్టు ముద్ర లేదు. పసుపు ప్లేటు బండికి అది చెల్లదని నాకు పది మంది చెప్పారు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు వాహనాన్ని ఆ లైసెన్సుతో నడపవచ్చని, విడిగా ముద్ర అక్కరలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చిందని ఆమె చెప్పి, లైసెన్సు గడువు మాత్రం దాటనివ్వకండి అన్నారు. ఎఫ్‌సీ కూడా అంతే ముఖ్యమన్నారు. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా చేయించుకోవాలి. నేను ఆ నెలలోనే చేయించాను కాబట్టి ఇక 2027 దాకా చింత లేదు.

ఇక మన బండికే జరిగే నష్టానికి వర్తించే ఓన్ డ్యామేజీ భాగం. కాంట్రాక్టరు దీన్ని తీసుకోలేదు. పాత పాలసీ థర్డ్ పార్టీ మాత్రమే అయినందువల్ల బండిని చూసిన తర్వాతే ఈ భాగం ఇస్తామన్నారు. పరిశీలకుడు మర్నాడు వస్తానని మూడో రోజు వచ్చాడు. గడువు ఇంకా వారం ఉంది కాబట్టి సరిపోయింది. చివరి రోజు వెళ్ళినవారికి ఈ ఆలస్యం ప్రమాదకరం. నాలుగు నుంచి అయిదేళ్ళ వయసున్న బండికి తయారీ సంస్థ ప్రస్తుత ధరలో 50 శాతం తగ్గించి విలువ కడతారు, నా బండికి 2,70,000 రూపాయలు వేశారు. దాని మీద ప్రీమియం 4,000 రూపాయల లోపే వచ్చింది, దీనికి మాత్రం జీఎస్టీ 18 శాతం. పాత యజమాని పేరున నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏదైనా ఉండి ఉన్నా అది బండితోపాటు నాకు రాదని, బోనస్ మనిషిదే గానీ వాహనానిది కాదని ఆమె చెప్పారు. స్వయంగా నడిపే యజమానికి వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలకు చేర్పించుకున్నాను. బండి ఆర్సీ నా పేరున ఉండటం వల్లనే అది కుదిరింది. కొన్న నెలలోనే పేరు మార్పించుకున్నందుకు అప్పుడు సంతోషపడ్డాను. అంతా కలిపి 14,000 రూపాయలకు అటూ ఇటూగా అయింది.

వాణిజ్య వాహన పాలసీ తీసుకునేవారు ఐఎంటీ 23 అన్న మాట తప్పకుండా అడగాలి. కారు పాలసీకి అలవాటుపడినవారికి ఇది కొత్తగా ఉంటుంది. సరుకు బండి మామూలు ప్యాకేజీ (థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజీ కలిసిన) పాలసీలో బండి పూర్తిగా నాశనమైతే తప్ప లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్, బంపర్లు, దెబ్బ తగిలిన చోట రంగు, ఇవేవీ విడిగా వర్తించవు. ఊర్లో జరిగే చిన్న ప్రమాదాల్లో విరిగేవి సరిగ్గా ఇవే. ఐఎంటీ 23 కింద ఓన్ డ్యామేజీ ప్రీమియం మీద 15 శాతం అదనంగా కడితే ఇవి చేరతాయి, అయినా ఆ భాగాల నష్టంలో సగం మనమే భరించాలి. ఆమె ఇది ముందే చెప్పి, తీసుకోవాలో వద్దో నన్నే నిర్ణయించుకోమన్నారు. తీసుకున్నాను.

అది జనవరిలోనే పనికి వచ్చింది. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఒక ఆటో పక్కనుంచి దూసుకువచ్చి నా బండి ఎడమవైపు లైటునూ బంపరునూ విరగ్గొట్టింది. ఎవరికీ గాయం కాలేదు. ఆ సాయంత్రమే శాఖకు ఫోను చేసి చెప్పాను. సర్వేయరు రెండో రోజు షెడ్డుకు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. మరమ్మతుకు 6,200 రూపాయలైంది. సగం నేను పెట్టుకున్నాను, క్లెయిములో మనమే తప్పనిసరిగా భరించాల్సిన 500 పోయింది, మిగిలినది పద్దెనిమిదో రోజున నా ఖాతాలో పడింది. వచ్చే ఏడు రావలసిన 20 శాతం బోనస్ ఈ క్లెయిము వల్ల పోతుందని, రెండు లెక్కలూ వేసుకుని చూసి అప్పుడు దరఖాస్తు పెట్టమని ఆమె ముందే ఫోనులో హెచ్చరించారు. లెక్క వేసి చూస్తే పోయే బోనస్ కంటే వచ్చే మొత్తం ఎక్కువగానే ఉంది, పెట్టాను. సొమ్ము పెద్దది కాకపోయినా, చెప్పిన మాట చెప్పినట్టు జరగడం నాకు ముఖ్యం.

లోపాల సంగతీ చెప్పాలి. పాలసీ అచ్చయి వచ్చినప్పుడు ఛాసిస్ నంబరులో ఒక అక్షరం తప్పు పడింది. నేను ఇంటికి వచ్చి ఆర్సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకున్నాను కాబట్టి బయటపడింది. దాన్ని సరిదిద్దడానికి మళ్ళీ దరఖాస్తు రాయించుకున్నారు, నాలుగు రోజులు పట్టింది, రెండు సార్లు ఆ మెట్లెక్కాను. తప్పు వారిదైనప్పుడు నన్ను తిప్పకుండా వారే సరిచేసి ఉండవలసింది. ఆ ఉద్యోగిని సెలవులో ఉన్న రోజు నేను వెళితే ఆమె స్థానంలో కూర్చున్న వ్యక్తికి ప్రైవేట్ క్యారియర్ అంటే ఏమిటో తెలియలేదు. ఆమె వచ్చాక రమ్మన్నాడు. ఒక్కరి చేతిలో ఉన్న పరిజ్ఞానం శాఖ అంతటికీ రాకపోతే, రేపు ఆమెకు బదిలీ అయిన రోజున నాలాంటి రైతు మళ్ళీ 16,049 కట్టి వెనుదిరుగుతాడు. ఇది ఆ శాఖ మేనేజరు పట్టించుకోవలసిన విషయం. నేను ఆయనకు తెలుగులో ఒక ఉత్తరం రాసి ఇచ్చాను.

మరో ఇబ్బంది భాష. హామీపత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. సొంత సరుకు తప్ప మరేదీ మోయను, హామీ తప్పితే నష్టపరిహారం నా మీదే పడుతుంది అన్న మాటలు అందులో అన్నిటికంటే బరువైనవి. హామీ ఉల్లంఘన జరిగితే ట్రిబ్యునల్ సాధారణంగా బాధితుడికి ముందు బీమా సంస్థ చేత ఇప్పించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర రాబట్టుకొమ్మని ఆదేశించే వీలుంది. బాధిత కుటుంబానికి అది న్యాయమే. యజమానికి మాత్రం చేనూ ఇల్లూ అమ్ముకునే పరిస్థితి రావచ్చు. అంతటి విషయం మీద సంతకం పెట్టే మనిషికి అది చదువుకోగలిగిన భాషలో ఉండాలి. నేను అడిగితే ఆమె ఒక తెల్ల కాగితం మీద ముఖ్యమైన అయిదు అంశాలను తెలుగులో స్వయంగా రాసి ఇచ్చారు: సొంత సరుకే వేయాలి, ముందు సీట్లో ఒక్కరినే ఎక్కించుకోవాలి, ఎఫ్‌సీ గడువు, లైసెన్సు గడువు, ప్రమాదం జరిగిన రోజే ఫోను చేయాలి.

ఆ శాఖకు అయిదింటికి నాలుగు మార్కులు వేస్తాను. కోల్పోయిన ఆ ఒక్క మార్కు మెట్లకూ ఛాసిస్ నంబరుకూ. వచ్చే అక్టోబరులో గడువుకు ఇరవై రోజుల ముందే అక్కడికే వెళ్తాను, ఈసారి ఖరీఫ్ తక్ పట్టీలు కూడా వెంట తీసుకుని. ఆమె రాసిచ్చిన కాగితానికి ప్లాస్టిక్ కవరు వేయించి బండి డ్యాష్‌బోర్డు మీద అతికించాను. మా అబ్బాయి బండి తీసినప్పుడల్లా చదివి గానీ తాళం తిప్పడు.